ఉర్లగడ్డ వేళ్లకు బుడిపెలు

ఈసారి కొంచెం పెద్ద వ్యాసం రాశాను. చరిత్ర రాద్దామని కూర్చుంటే మధ్యలో నా సొంత తప్పు కూడా వచ్చి చేరింది. ఓపికగా చదవండి.

ప్రతి శనివారం నేను గుడి వంటశాలలో సేవ చేస్తాను. అరవై దాటినవాళ్లకి గుండిగలు ఎత్తే పని ఇవ్వరు. కూరగాయలు తరిగే బల్ల దగ్గర కూర్చోబెడతారు. మొన్న అన్నదానానికి బంగాళాదుంపలు చెక్కు తీస్తుంటే ఒకటి చేతికి గరుకుగా తగిలింది. తొక్క మీద మొటిమల్లాంటి బుడిపెలు ఉన్నాయి. కోసి చూస్తే తొక్క కింద చిన్న చిన్న గోధుమరంగు చుక్కలు. పక్కన కూర్చున్న హైస్కూలు అమ్మాయి "ఇదేంటి అంకుల్, రోగమా?" అని అడిగింది. "వేరు బుడిపె నులిపురుగు" అన్నాను. తెలుగులోనే అన్నాను. ఈ మాటలు నా నోటికి రావడానికి ముప్పై ఏళ్లు పట్టింది. ఎందుకు పట్టిందో చెప్పడానికే ఈ వ్యాసం.

కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం నా సంగతి రెండు మాటల్లో చెప్తాను. నేను పుట్టి పెరిగింది జంషెడ్‌పూర్‌లో. చదువంతా ఇంగ్లీషు మీడియం. ఇంట్లో అమ్మ తెలుగు మాట్లాడేది, నేను ఇంగ్లీషులోనో హిందీలోనో జవాబు చెప్పేవాణ్ణి. అన్నం, నీళ్లు, మందు, జ్వరం, చెప్పులు: అంతవరకే నా తెలుగు. చదవడం, రాయడం రిటైరయ్యాక సొంతంగా నేర్చుకున్నాను.

1990లలో నేను సౌదీ అరేబియాలో పని చేశాను. రియాద్, జెద్దా కాదు. ఉత్తరాన హాయిల్ ప్రాంతంలో ఒక పెద్ద వ్యవసాయ క్షేత్రంలో స్టోర్స్ గుమాస్తాని. విత్తనం, ఎరువు, మందులు, పంపు సామాను, గ్లవ్స్, బూట్లు అన్నీ నా రిజిస్టర్ల గుండానే బయటికి వెళ్లేవి. వారం వారం మేనేజర్‌కి ఒక నోట్ రాసి ఇవ్వడం కూడా నా పనే.

ఎడారిలో వ్యవసాయం ఏమిటని అడుగుతారు. ఆ చరిత్ర ముందు చెప్పాలి.

1940లలోనే రియాద్‌కి దక్షిణాన అల్ ఖర్జ్ అనే చోట, నేలలోని పెద్ద నీటి గుంటల దగ్గర, రాజుగారి పొలాలకి అమెరికన్లు సాయం చేశారు. 1942లో కార్ల్ ట్విచెల్ నాయకత్వంలో ఒక అమెరికన్ వ్యవసాయ బృందం దేశమంతా తిరిగి చూసింది. కానీ అసలు మార్పు చమురు డబ్బు వచ్చాక వచ్చింది. తిండి కోసం బయటి దేశాల మీద ఆధారపడకూడదని ప్రభుత్వం అనుకుంది. 1979లో కిలో గోధుమకి 3.50 రియాళ్లు ఇస్తామని ప్రకటించింది. అప్పటి ప్రపంచ ధర కన్నా అది ఎన్నో రెట్లు ఎక్కువ. 1984 నాటికి గోధుమలో దేశం తన కాళ్ల మీద తను నిలబడింది. 1992లో పంట 40 లక్షల టన్నులు దాటింది.

ఇదంతా సెంటర్ పివట్ అనే యంత్రం మీద నడిచింది. అమెరికాలో కొలరాడో రైతు ఫ్రాంక్ జైబాక్‌కి 1952లో దీని మీద పేటెంట్ వచ్చింది. మధ్యలో బోరు, దానికి కట్టిన పొడవాటి గొట్టం చక్రాల మీద గుండ్రంగా తిరుగుతూ నీళ్లు చల్లుతుంది. మా దగ్గర గొట్టం పొడుగు సుమారు 400 మీటర్లు. ఒక్కో వలయం దాదాపు 50 హెక్టార్లు. విమానంలోంచి చూస్తే ఇసుక మీద ఆకుపచ్చ నాణేలు పరిచినట్టు ఉంటుంది. నీళ్లు సాక్ అనే ఇసుకరాతి పొరలోంచి వచ్చేవి. వేల ఏళ్ల కిందటి వానల నీళ్లు అవి. తోడితే మళ్లీ నిండవు.

ఖర్చు ఎక్కువై, 1990లలో ప్రభుత్వం గోధుమ కొనడం తగ్గించింది. పొలాలు వేరే పంటల వైపు తిరిగాయి. పశువులకి అల్ఫాల్ఫా గడ్డి, మనుషులకి కూరగాయలు, ఉల్లి, బంగాళాదుంప. హాయిల్ కొంచెం ఎత్తు ప్రాంతం, చలికాలం బాగా చల్లగా ఉంటుంది. బంగాళాదుంపకి అది నచ్చింది. జనవరి, ఫిబ్రవరిలో నాటితే ఎండలు ముదిరేసరికి తవ్వేయచ్చు. మేమూ అదే మొదలుపెట్టాం.

మొదటి రెండు సీజన్లు బాగా పండింది. మూడో సీజన్‌లో ఒక వలయంలో మచ్చలు వచ్చాయి. పొలం అంతా కాదు, అక్కడక్కడా చాపలు పరిచినట్టు. ఆ చోట్ల మొక్కలు పొట్టిగా, పసుపుపచ్చగా ఉండేవి. పొద్దున బాగానే ఉండి, మధ్యాహ్నానికి తలలు వాల్చేవి. కింద నేల తడిగానే ఉండేది.

అప్పుడు మా క్షేత్రంలో కడప జిల్లా నుంచి వచ్చినవాళ్లు కొందరు ఉండేవారు. వాళ్లలో ఒకాయన పివట్ నీళ్ల గ్యాంగ్‌లో పని. నాకన్నా పదేళ్లు పెద్ద. ఊళ్లో పసుపు పండించిన మనిషి. ఆయన పేరు ఇక్కడ రాయను. అప్పుడు నేను ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాణ్ణి, ఆయన నన్ను సార్ అనేవాడు. ఇప్పుడైతే అన్నా అంటాను.

ఒకరోజు మధ్యాహ్నం ఆయన స్టోర్స్ కిటికీ దగ్గరికి వచ్చాడు. చేతులు మట్టిగా ఉన్నాయి. నేను తెలుగువాణ్ణని నా ఇంటిపేరు చూసి ఆయనకి తెలుసు. అందుకని తెలుగులోనే చెప్పాడు.

"సార్, వేళ్లకంతా బుడిపెలు కట్టుండాయి. మందేమన్నా ఇస్తారా?"

మా ఇంట్లో వేళ్లు అంటే చేతివేళ్లు. మందు అంటే ఒంటికి వేసుకునే మందు. బుడిపెలు అనే మాట నేనెప్పుడూ వినలేదు. బొబ్బలు లాంటిదేదో అనుకున్నాను. ఆయన చేతుల వైపు చూసి, ఫస్ట్ ఎయిడ్ డబ్బాలోంచి ఒక ఆయింట్‌మెంట్ ట్యూబు తీసి ఇచ్చాను.

"నాకు గాదు సార్, ఉర్లగడ్డకు" అన్నాడు.

మేము బంగాళాదుంప అనేవాళ్లం. ఉర్లగడ్డ నాకు తెలియదు. గడ్డ అనేది మాత్రం చెవిన పడింది. అమ్మ గడ్డ లేచింది అనేది కదా, సెగ్గడ్డ. అయితే ఇది ఇంకా పెద్దదే అనుకుని, డాక్టర్ వచ్చే రోజు చెప్పాను. ఇంకో ట్యూబు కూడా ఇచ్చాను. వెనకాల పదిమంది క్యూలో ఉన్నారు. ఆయన ట్యూబుల వైపు చూశాడు, నా వైపు చూశాడు. "సరే సార్" అని వెళ్లిపోయాడు.

హిందీలో మళ్లీ చెప్పమని అడగొచ్చు. ఆయనకి పనికి సరిపడే హిందీ వచ్చు. కానీ ఒక తెలుగువాడు తెలుగులో చెప్తే అర్థం కాలేదని ఒప్పుకోవడానికి నాకు సిగ్గేసింది. ఆ వారం నోట్‌లో ఇంగ్లీషులో ఒక లైను రాశాను: నీళ్ల గ్యాంగ్‌లో చేతులకి బొబ్బలు, గ్లవ్స్ కావాలి.

ఆయన నాకు చెప్పింది ఏమిటో ఇప్పుడు మీకు చెప్తాను.

మట్టిలో కంటికి కనపడని సన్నటి పురుగులు ఉంటాయి. ఇంగ్లీషులో నెమటోడ్లు, మన రైతుల భాషలో నులిపురుగులు. పిల్లల కడుపులో ఉండేవాటిని కూడా నులిపురుగులే అంటాం. రెండూ ఒకే పెద్ద వర్గంలోవి. మట్టిలోవి చాలావరకు హాని చేయవు. కొన్ని మాత్రం మొక్కల వేళ్ల మీద బతుకుతాయి. వేరు బుడిపె నులిపురుగు పిల్ల పొడుగు మిల్లీమీటరులో సగం కన్నా తక్కువ. వేరు చివర మెత్తగా ఉన్నచోట లోపలికి దూరుతుంది. ఒకచోట స్థిరపడి, చుట్టూ ఉన్న కణాలు మామూలు కన్నా ఎన్నో రెట్లు పెద్దగా పెరిగేలా చేస్తుంది. ఆ కణాలు దానికి పాలిచ్చే ఆవులు. మొక్క వండుకున్న ఆహారం అక్కడికే పోతుంది. వేరు ఉబ్బి బుడిపె కడుతుంది. ఆడపురుగు ఉండలా తయారై, ఒకచోటే కూర్చుని, జిగురు ముద్దలో కొన్ని వందల గుడ్లు పెడుతుంది. నేల వెచ్చగా ఉంటే నెల తిరక్కుండా మళ్లీ కొత్త తరం.

బుడిపెలు కట్టిన వేరు నీళ్లు సరిగా పీల్చలేదు. అందుకే తడి నేలలో కూడా మొక్క మధ్యాహ్నం వాడిపోతుంది. పైనుంచి చూసేవాడికి ఇది నీళ్లు తక్కువైనట్టే కనిపిస్తుంది, లేకపోతే ఎరువు తక్కువైనట్టు. మొక్కని పీకి చూసినవాడికి తప్ప సంగతి తెలియదు. బంగాళాదుంపలో నష్టం రెండు రకాలు. మొక్క చిక్కిపోయి దుంపలు చిన్నవి, తక్కువ ఊరుతాయి. ఊరిన దుంపల్లోకి కూడా పురుగు దూరి మొటిమలు తెస్తుంది. అలాంటి దుంపని మార్కెట్లో ఎవరూ కొనరు. 1987లో సాసర్, ఫ్రెక్‌మన్ అనే శాస్త్రవేత్తలు ప్రపంచంలోని ముఖ్యమైన పంటల్లో నులిపురుగుల వల్ల సగటున 12.3 శాతం నష్టం ఉంటుందని అంచనా వేశారు.

ఈ పురుగుని మనిషి గుర్తుపట్టిన కథ అంతా పొరపాట్ల కథే. అది చదివాక నాకు కొంచెం ఓదార్పు కలిగింది.

1855లో ఇంగ్లండులో మైల్స్ బర్క్‌లీ అనే మతగురువు, వృక్షశాస్త్రం తెలిసినవాడు, అద్దాల ఇంట్లో పెంచిన దోస వేళ్ల మీద బుడిపెలు చూసి రాశాడు. తర్వాత జావా దీవిలో చెరకు వేళ్లలో ఒక రకం దొరికింది. అందుకే దాని పేరు జవానికా. మన దక్షిణాన 1901లో బార్బర్ అనే ఆయన నీలగిరి జిల్లా దేవాలాలో తేయాకు వేళ్లలో చూశాడు. ఇంకో రకం పేరు ఇన్‌కాగ్నిటా. లాటిన్‌లో గుర్తు తెలియనిది అని అర్థం. 1919లో కోఫాయిడ్, వైట్ అనే ఇద్దరు అమెరికన్ సైనికుల మలంలో తెలియని గుడ్లు చూశారు. మనిషి కడుపులో ఉండే కొత్త పురుగు దొరికిందనుకుని ఈ పేరు పెట్టారు. కొన్నేళ్ల తర్వాత తేలిందేమిటంటే, ఆ గుడ్లు సైనికులు తిన్న కూరగాయల్లోవి. పురుగు మనిషిది కాదు, మొక్కది. పేరు మాత్రం అలాగే నిలిచిపోయింది.

నేను కూడా మొక్క జబ్బుని మనిషి జబ్బు అనుకున్నాను. వాళ్లు శాస్త్రవేత్తలు, తర్వాతివాళ్లు సరిదిద్దారు. నా నోట్‌ని ఎవరూ దిద్దలేదు.

ఇక్కడ ఇంకో పురుగు సంగతి చెప్పాలి. ఎందుకంటే మా ఆఫీసులో అందరం భయపడింది దానికే.

మా విత్తన దుంపలు యూరప్ నుంచి ఓడలో వచ్చేవి. ప్రతి సరుకుతో ఒక సర్టిఫికెట్ ఉండేది. అందులో బంగాళాదుంప తిత్తి నులిపురుగు లేదని సంతకం. ఆ కాగితాలు ఫైల్ చేసేది నేనే. ఈ తిత్తి పురుగు పుట్టిల్లు దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండలు, అంటే బంగాళాదుంప పుట్టిల్లే. యూరప్‌లో 1840లలో మాడు తెగులు వచ్చి ఐర్లండులో కరువు వచ్చింది కదా. తర్వాత కొత్త రకాల కోసం ఆండీస్ నుంచి దుంపలు తెప్పించారు. వాటి మట్టితో ఈ పురుగు కూడా వచ్చిందని శాస్త్రవేత్తలు అనుకుంటారు. 1881లో జర్మనీలో యూలియస్ క్యూన్ దీన్ని బంగాళాదుంప మీద చూశాడు. 1941లో అమెరికాలో న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లో దొరికింది. 1948లో అమెరికా దీని కోసమే ఒక చట్టం చేసింది.

ఇది గుడ్లు బయట పెట్టదు. ఆడపురుగు చచ్చి, దాని ఒళ్లే గట్టి తిత్తిగా మారుతుంది. లోపల కొన్ని వందల గుడ్లు. బంగాళాదుంప వేరు వాసన తగిలేదాకా, ఇరవై ఏళ్లయినా, అవి మట్టిలో కాచుకుని ఉండగలవు. మన దేశంలో 1961లో ఎఫ్.జి.డబ్ల్యు. జోన్స్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త ఊటీలో దీన్ని కనుక్కున్నాడు. ఆయన చూసిన చోటు పేరు విజయనగరం ఫారం. ఆ తర్వాత నీలగిరి నుంచి విత్తన దుంప బయటికి పోకూడదని కట్టడి పెట్టారు. ఈ పురుగుని తట్టుకునే కుఫ్రీ స్వర్ణ అనే రకం 1985లో విడుదలైంది.

అందువల్ల సర్టిఫికెట్ మంచిదే, అవసరమే. కానీ ఓడలో రాగల పురుగుకి కాగితం అడిగాం. మా కాళ్ల కింద ఉన్న పురుగు గురించి ఎవరూ అడగలేదు. ఎడారి నేల కొత్త నేల, శుభ్రమైన నేల అని మా నమ్మకం. ఆ నమ్మకం తప్పు. రియాద్‌లోని కింగ్ సౌద్ విశ్వవిద్యాలయంలో అల్ హజ్మీ, ఆయన తోటివాళ్లు 1980ల నుంచి దేశంలో నులిపురుగుల మీద సర్వేలు చేశారు. కూరగాయల పొలాల్లో జవానికా, ఇన్‌కాగ్నిటా బాగా కనిపించాయి. గోధుమ, బార్లీ వేళ్లలో ఇంకో తిత్తి పురుగు దొరికింది. అది బంగాళాదుంపని ముట్టదు. అంటే మేము అక్కడ ఉన్న రోజుల్లోనే ఈ విషయం రియాద్‌లో తెలుసు. మా స్టోర్స్ కిటికీ దాకా రాలేదు, అంతే.

ఆలోచిస్తే ఆ వలయాలు నులిపురుగుకి మేము కట్టించి ఇచ్చిన ఇళ్లు. దానికి ఇసుక నేల ఇష్టం, రేణువుల మధ్య సులువుగా కదలగలదు. వెచ్చదనం ఇష్టం. తడి కావాలి, వేరు కావాలి. ఎడారిలో ఇసుక, వేడి ముందే ఉన్నాయి. తడి, వేరు మేము ఇచ్చాం, అదీ ఏడాది పొడుగునా. బంగాళాదుంప తవ్వగానే ఖాళీ ఎందుకని అల్ఫాల్ఫా వేసేవాళ్లం. దాని వేళ్లలో కూడా ఇవి బతుకుతాయి. ట్రాక్టర్ చక్రాలకి అంటిన మట్టి ఒక వలయం నుంచి ఇంకో వలయానికి పోయేది.

ఇంకొకటి కూడా ఉంది. తడి ఉన్నచోటల్లా గంగపాయల ఆకు మొలిచేది. మనవాళ్లు ఎంతో సంతోషంగా కోసుకుని పప్పులో వేసుకునేవారు. శుక్రవారం క్యాంపులో ఆ పప్పు నేను కూడా తిన్నాను. ఊరి రుచి అని కళ్లు తుడుచుకున్నవాళ్లని చూశాను. ఆ గంగపాయల వేళ్లు కూడా నులిపురుగుకి ఇల్లేనని ఈమధ్యే చదివాను. మనవాళ్లు కోసుకున్న ఆకు వల్ల నష్టం లేదు. పీకకుండా వదిలేసిన మొక్కల వల్లే నష్టం.

ఆ సీజన్ ఆఖరికి మచ్చల వలయం నుంచి వెళ్లాల్సిన లారీల్లో చాలా వెళ్లలేదు. వెళ్లినవాటిలో కొన్ని మార్కెట్ నుంచి తిరిగొచ్చాయి, దుంపలు మొటిమలతో ఉన్నాయని. ఎవరో ఒకరు బాధ్యులు కావాలి. మొక్కలు వాడాయి, కాబట్టి నీళ్లు తక్కువ అన్నారు. నాజిల్స్ సరిగా చూడలేదని నీళ్ల గ్యాంగ్ ఓవర్‌టైం కోసేశారు. కడప అన్న కాంట్రాక్ట్ ఆ ఏడాది అయిపోతోంది. మళ్లీ పొడిగించలేదు. ఆయన సామాను అప్పగించడానికి నా కిటికీ దగ్గరికే వచ్చాడు. బూట్లు, రెయిన్‌కోటు, టార్చి. వాటితో పాటు నేనిచ్చిన రెండు ట్యూబులు కూడా బల్ల మీద పెట్టాడు. రెండింటికీ మూత తీయలేదు. నేను రిజిస్టర్‌లో సంతకం పెట్టించుకున్నాను.

తర్వాతి సీజన్‌లో ఇంకో వలయంలో మచ్చలు వచ్చాయి. కొత్తగా వచ్చిన ఈజిప్టు వ్యవసాయాధికారి మొదటి రోజే ఒక మొక్క పీకి, వేళ్లు కడిగి, స్టోర్స్ బల్ల మీద పరిచాడు. వేళ్ల నిండా పూసల్లాంటి బుడిపెలు. నాకు అప్పటికీ ఆ తెలుగు మాట అర్థం కాలేదు. కానీ ఎక్కడో ఏదో గుచ్చుకుంది. ల్యాబ్ నుంచి జవానికా అని రిపోర్టు వచ్చింది. పాత ఫైల్ తీసి, ఇది నీళ్ల గ్యాంగ్ తప్పు కాదు అని ఒక లైను రాయాల్సింది. రాయలేదు. మనుషులు ఎలాగూ వెళ్లిపోయారు కదా అనుకున్నాను.

ఇక మందుల సంగతి. నులిపురుగుల మందుల చరిత్ర కూడా మంచిది కాదు. 1943లో హవాయిలో అనాస తోటల శాస్త్రవేత్త వాల్టర్ కార్టర్, నేలలోకి ఎక్కించే డి-డి అనే ద్రవం ఈ పురుగుల్ని చంపుతుందని చూపించాడు. చచ్చిన పురుగుల కన్నా పెరిగిన పంటని చూసి రైతులు నమ్మారు. తర్వాత డి.బి.సి.పి. వచ్చింది. 1977లో కాలిఫోర్నియాలో దాన్ని తయారుచేసే ఫ్యాక్టరీ కార్మికులు మాకు పిల్లలు పుట్టడం లేదని తమలో తాము మాట్లాడుకుని, పరీక్షలు చేయించుకున్నారు. మందు వల్లేనని తేలింది. 1979లో అమెరికాలో దాదాపు అన్ని పంటలకీ ఆపేశారు. అక్కడ కూడా ముందు పసిగట్టింది పనివాళ్లే.

మా దగ్గర కార్బోఫ్యూరాన్ గుళికలు వచ్చాయి. అది నరాల మీద పని చేసే విషం. తలనొప్పి, చెమటలు, నోట్లో నీళ్లు ఊరడం వస్తాయి. గుళికలు ముందు వచ్చాయి, వాటికి తగిన గ్లవ్స్, మాస్కులు మూడు వారాలు ఆలస్యంగా వచ్చాయి. ఆ మూడు వారాలు గుళికలు స్టోర్స్‌లో ఆపాలని నేను పట్టుబట్టాను. ఆపారు. ఆ క్షేత్రంలో నేను చేసిన మంచి పని ఏదైనా ఉంటే అదొక్కటే.

గుళికల కన్నా ఎక్కువ పని చేసింది ఖర్చు లేని పద్ధతి. ఈజిప్టు అధికారి ఒక వలయానికి వేసవి అంతా నీళ్లు ఆపేయించాడు. అల్ఫాల్ఫా లేదు, కలుపు లేదు. జూన్, జులై నెలల్లో రెండుసార్లు దున్నించాడు. గుడ్లు, పిల్లలు పైకి వచ్చి ఆ ఎండకి ఎండిపోయాయి. పూర్తిగా పోలేదు, ఈ పురుగు పూర్తిగా పోదు. కానీ తర్వాతి పంటకి మచ్చలు చాలా తగ్గాయి. ఎడారి దగ్గర మందు మొదటి నుంచీ ఉంది: ఎండ, పొడి. ఆ రెండింటినీ ఏడాది పొడుగునా నీళ్లు పెట్టి ఆపింది మేమే.

దీనికి తెలుగులో వేసవి దుక్కి అని పేరుంది. అది కూడా ఈ ఏడాదే నేర్చుకున్నాను. మన ఊళ్లలో మొదటి వానలకి ముందు నేలని తిరగేసి ఎండబెడతారు. పసుపు పండించిన మనిషికి అది తెలియకుండా ఉంటుందా? పసుపు వేళ్లకి కూడా ఈ బుడిపెలే వస్తాయి. కడప అన్న ఆ రోజు మొక్క జబ్బు చెప్పడానికి వచ్చాడు. నేను సరిగా విని ఉంటే బహుశా దాని మందు కూడా ఆయనే చెప్పేవాడు.

గుడిలో దసరాకి బంతి మాలలు కట్టేటప్పుడు కూడా ఆయనే గుర్తొస్తాడు. మనవాళ్లు వంగ, టమాటా చేలలో బంతి వేస్తారు కదా. 1958లో డచ్ శాస్త్రవేత్తలు బంతి వేళ్లలోంచి నులిపురుగుల్ని చంపే పదార్థాన్ని వేరు చేశారు. గట్టు మీద నాలుగు మొక్కలు చాలవు. పొలం నిండా, కొన్ని నెలలు పెంచితేనే ఫలితం, అదీ అన్ని జాతుల మీదా ఒకేలా ఉండదు.

2008లో సౌదీ ప్రభుత్వం, నీళ్లు అయిపోతున్నాయని, దేశంలో గోధుమ కొనడం 2016 నాటికి ఆపేస్తామని చెప్పింది. తర్వాత పచ్చగడ్డి మీద కూడా కట్టడి పెట్టింది. ఉపగ్రహ చిత్రాల్లో హాయిల్ దగ్గర చాలా వలయాలు ఇప్పుడు బూడిదరంగులో ఉన్నాయి. కొన్ని ఇంకా పచ్చగా ఉన్నాయి. బంగాళాదుంప ఇంకా పండుతోంది. నేను మ్యాపులో మా వలయం వెతికాను, కానీ గుర్తుపట్టలేకపోయాను.

గుడిలో ఆ అమ్మాయికి ఇదంతా చెప్పలేదు. బుడిపెల దుంపని తింటే మనిషికి ఏమీ కాదని, చెక్కు మందంగా తీస్తే చాలని చెప్పాను. తను ఇంకో ప్రశ్న అడిగింది. "ఇది మీకెలా తెలుసు?" "ఒక కడప రైతు చెప్పాడు" అన్నాను. అది నిజమే. అర్థం కావడానికి ఆలస్యమైంది, అంతే.

ఆ ఏడాది హాయిల్‌లో నీళ్ల గ్యాంగ్ తప్పు ఏమీ లేదు. అప్పుడు ఫైల్‌లో రాయాల్సిన లైను ఇది. ఇప్పుడు తెలుగులో రాస్తున్నాను. మీలో ఎవరిదైనా కడప వైపు ఊరైతే, సౌదీలో బంగాళాదుంపల పొలంలో నీళ్లు కట్టిన పెద్దాయన ఎవరైనా ఇంట్లో ఉంటే, ఇది చదివి వినిపించండి.

ఈసారి నేర్చుకున్న మాటలు: బుడిపె, తిత్తి, వేసవి దుక్కి, ఉర్లగడ్డ. వేరుకీ వేలుకీ బహువచనం ఒకటే, వేళ్లు. కొందరు వేర్లు అంటారు. తప్పులుంటే దిద్దండి, ఏమీ అనుకోను.